మా బంగారి పంజరానికి లైటు: నా అనుభవం

మా పెంపుడు పిట్ట పేరు బంగారి. అది గుడ్లు పెట్టడం ఆపి నిన్నటికి ఇరవై రోజులు. నెల కిందట ఇది దక్కుతుందో లేదోనని నేను, మా అమ్మాయి రాత్రంతా పంజరం పక్కనే కూర్చున్నాం. అందుకే ఇదంతా మరిచిపోకముందే రాస్తున్నాను.

బంగారి కాకటీల్, ఆడది. లేత పసుపు ఒళ్ళు, బుగ్గల మీద నారింజ మచ్చలు, నెత్తిన తురాయి. చూసినవాళ్ళందరూ రామచిలుక అంటారు. కాదు, ఇది ఆస్ట్రేలియా జాతి. మన రామచిలుకను పంజరంలో పెట్టడం 1972 వన్యప్రాణి చట్టం ప్రకారం నేరం. ఇప్పటికీ పెంచుతున్నవాళ్ళు దయచేసి ఆ పని మానుకోండి.

మాది హన్మకొండలో కింది పోర్షన్. పక్కన మూడంతస్తుల బిల్డింగ్ లేచాక హాల్లోకి ఎండ రావడం లేదు. పొద్దున ఏడింటికి వేసిన ట్యూబ్‌లైటు రాత్రి పదకొండు దాకా వెలుగుతూనే ఉండేది. నా కుట్టు మిషన్, టీవీ, పంజరం, అన్నీ ఆ హాల్లోనే.

మగ పక్షి లేకుండానే మూడు నెలల్లో మూడు విడతలు గుడ్లు పెట్టింది. మూడో విడతకు కర్ర పట్టుకోలేక పంజరం అడుగున కూలబడింది. ఇక్కడి పశువుల దవాఖానలో బర్రెలకు, మేకలకే చూస్తామన్నారు. కాజీపేటలో రైలెక్కి సికింద్రాబాద్ పోయి పక్షుల డాక్టరమ్మకు చూపించాం. కాల్షియం మందు ఇచ్చి, "ఇంట్లో లైటు ఎన్ని గంటలు ఉంటుందమ్మా?" అని అడిగారు. పదహారు అన్నాను. జబ్బుకు మూలం అక్కడే దొరికింది. పగలు పొడుగైతే గుడ్లు పెట్టే కాలం వచ్చిందని పక్షి ఒళ్ళు అనుకుంటుందట. ప్రతి గుడ్డు పెంకుకూ కాల్షియం కావాలి. తిండిలో చాలకపోతే ఎముకల్లోంచి లాగుతుంది. ఇకనుంచి వెలుతురు పది గంటలే, మిగతాది చీకటి అన్నారు. ఒంటికి డి విటమిన్ తయారవ్వాలంటే నేరుగా ఎండ తగలాలి, వీలుకాకపోతే పక్షుల కోసం చేసిన యూవీ-బీ (ఎండలో ఉండే, కంటికి కనిపించని అతినీలలోహిత కిరణాల్లో ఒక రకం) లైటు పెట్టాలన్నారు. కిటికీ అద్దంలోంచి వచ్చే ఎండ పనికిరాదు, అద్దం యూవీ-బీని ఆపేస్తుంది.

అసలు కష్టం ఇక్కడ మొదలైంది.

వరంగల్ చౌరస్తా దగ్గర ఒక ఎలక్ట్రికల్ షాపుకు పోయాను. పక్షికి యూవీ-బీ లైటు కావాలని స్పష్టంగా చెప్పాను. కౌంటర్ మీది అతను లోపలి నుంచి సన్నని గాజు ట్యూబ్ తెచ్చి, "ఇదేనక్కా యూవీ, నీళ్ళ ఫిల్టర్లల్ల వాడుతరు. కరోనల దవాఖానలన్నీ ఇవే కొన్నయి" అన్నాడు. బీ అని అడిగాను కదా అంటే, "యూవీ అంటే యూవీనే అక్కా, ఏ బీలు సీలు ఉండయి" అన్నాడు. ట్యూబ్, హోల్డర్ కలిపి 650 రూపాయలు. బిల్లు ఇవ్వలేదు.

ఇంట్లో మావారు స్టూలెక్కి పంజరం మీద హోల్డర్ బిగిస్తున్నారు. మా అమ్మాయి డబ్బా చదువుతూ ఒక్కసారిగా అరిచింది, "నాన్నా, స్విచ్ వేయకు!" డబ్బా పక్కన చిన్న అక్షరాల్లో యూవీ-సీ, 254 నానోమీటర్లు అని ఉంది. పైన కన్ను బొమ్మ, చెయ్యి బొమ్మ, వాటి మీద అడ్డగీత. ఇది క్రిములను చంపే కిరణం. యూవీ కిరణాల అలల పొడవును నానోమీటర్లలో చెబుతారు: 280కి లోపు ఉండేది సీ, అక్కడి నుంచి 315 దాకా బీ, ఆపైన 400 దాకా ఏ. సీ కిరణం కాసేపు పడినా కళ్ళు, చర్మం కాలుతాయి. అడుగు దూరంలో ఎటూ పోలేని పిట్ట మీద దాన్ని పెట్టబోయాం. మావారి చెయ్యి స్విచ్‌కు ఎంత దగ్గరలో ఉందో ఇప్పుడు తలుచుకున్నా నా గుండె దడదడలాడుతుంది.

మర్నాడు వాపస్ ఇవ్వడానికి పోయాను. షాపు నిండా జనం. కాంట్రాక్టు పని చేసే వాళ్ళు, సీరియల్ బల్బులు కొనే వాళ్ళు. డబ్బా మీది బొమ్మ చూపించి నెమ్మదిగానే చెప్పాను. అతను డబ్బా చేతిలోకి కూడా తీసుకోలేదు. "పిట్టకు లైటు కావాలంటివి, ఇస్తిని. ఇప్పుడు నాకు సైన్సు చెప్తున్నవా?" అని గట్టిగా అన్నాడు. వెనక నుంచి ఎవరో, "అక్కా, దానికి ఏసీ కూడ పెట్టియ్యిరాదే" అన్నారు. అందరూ నవ్వారు. మావాడంత వయసున్న కుర్రాడు కూడా నవ్వాడు. నా చెవులు వేడెక్కిపోయాయి. అయినా ఆ డబ్బా పట్టుకుని కౌంటర్ ముందు నుంచి కదలలేదు. "ఇది ఇంకెవరి ఇంట్లోనైనా చిన్నపిల్లల గదిలో పెడితే?" అని అడిగాను. "అమ్మిన సరుకు వాపస్ లేదు, పక్కకు జరుగక్కా, గిరాకీ ఉన్నది" అన్నాడు. పైసలు రాలేదు. ఆటోలో ఇంటికి వచ్చేదాకా ఎవరితోనూ మాట్లాడలేకపోయాను.

పైసల కోసం కాదు ఈ బాధ. తాను అమ్మే వస్తువు డబ్బా మీద ఏం రాసుందో చదవని మనిషి, చదివిన మనిషిని నలుగురిలో చులకన చేయడం ఏం న్యాయం? కొనేముందు డబ్బా మీది నంబర్ మీరే చదవండి. మాట మీద కొనకండి.

తర్వాత పెంపుడు జంతువుల షాపులో తాబేళ్ళకు పెట్టే బల్బు చూపించారు. డాక్టరమ్మకు ఫోటో పంపితే వద్దన్నారు. అలా తాబేళ్ళకో ఎడారి బల్లులకో చేసిన ఎక్కువ పవర్ బల్బులు దగ్గరగా పెడితే పక్షి కళ్ళకు దెబ్బ. పక్షుల బల్బు తెప్పించినా అది వెలుగుతూనే ఉంటుంది, యూవీ మాత్రం నెలలు గడిచేకొద్దీ తగ్గిపోతుంది, మారుస్తూ ఉండాలి. మన దగ్గర ఎండకు కొదవా? అందుకే మేము యూవీ బల్బు మానేశాం.

ఇంట్లో వెలుతురుకు మంచి ఎల్‌ఈడీ పెట్టాం, 5000 కెల్విన్ (పగటి వెలుగులాంటి తెలుపు), రంగులు సరిగ్గా చూపించే సీఆర్‌ఐ 90 రకం. పాత చోక్ ట్యూబ్‌లైటు మన 50 హెర్ట్జ్ కరెంటుకు సెకనుకు వందసార్లు మినుకుతుంది. మనకు తెలియదు, పక్షుల చూపు మనకంటే వేగం కాబట్టి వాటిని ఇబ్బంది పెట్టొచ్చు. ఫోన్లో స్లో మోషన్ వీడియో తీస్తే ఆ మినుకు కనిపిస్తుంది. నేను మా ఇంటి లైట్లన్నీ, మా వదిన వాళ్ళ ఇంటివి కూడా అలాగే చూశాను. చవక ఎల్‌ఈడీల్లో సగం తప్పాయి. ఇప్పుడు మా గల్లీలో ఎవరు బల్బు కొన్నా ముందు నాకే చూపిస్తారు.

లైటు పంజరం పైన అడుగున్నర ఎత్తులో, ఒక పక్కకు ఉంది. రెండో పక్క నీడ, దానికి నచ్చిన చోట కూర్చుంటుంది. వైరు ముక్కుకు అందకూడదు, కొరికేస్తుంది. గీజరుకు పెట్టే టైమర్ ప్లగ్‌తో ఏడున్నరకు వెలిగి అయిదున్నరకు ఆరిపోతుంది. అప్పటికి కిటికీలో ఇంకా కొంచెం వెలుతురు ఉంటుంది కాబట్టి ఒక్కసారిగా చీకటి పడినట్టు ఉండదు. రాత్రి హాల్లోని వెలుతురు తగలకుండా పంజరాన్ని వెనక గదిలోకి మార్చాం. కాకటీల్స్ కటిక చీకట్లో ఉలిక్కిపడి రెక్కలు కొట్టుకుంటాయి, అందుకని వరండాలో జీరో బల్బు. గూడులా ఉండే అట్టపెట్టెలన్నీ తీసేశాం.

రోజూ పొద్దున ఎనిమిదింటికి అరగంట బంగ్లా మీదికి తీసుకుపోతాను. పంజరం సగం మీద తడి తువ్వాలు, నా చేతిలో కోతుల కోసం కర్ర. వరంగల్లో పంజరం ఒక్కదాన్నే బయట వదలడం కుదిరే పని కాదు. మొదటి రోజు బంగారి భయపడి నీడలోనే ఉంది. నాలుగో రోజు ఎండలోకి జరిగి, ఎడమ రెక్క కిందికి పరిచి, తోక విసనకర్రలా విప్పి, కళ్ళు సగం మూసింది. ఆ రెక్క లోపలి ఈకలు అంత తెల్లగా ఉంటాయని అప్పుడే చూశాను. రెండు వారాలకు పై కర్ర మీదికి తనే ఎక్కింది.

ఆ యూవీ-సీ ట్యూబ్ మాత్రం పాత పేపర్లో చుట్టి సజ్జ మీద పెట్టాను. అందులో పాదరసం ఉంటుంది, చెత్త బండిలో వేయలేను, ఇంకొకరికి ఇవ్వలేను. పేపరు పైన పెద్ద అక్షరాలతో "వెలిగించకూడదు" అని మా అమ్మాయి స్కెచ్ పెన్నుతో రాసింది.