మూడు ట్రయాంగిళ్లు, ఒక సిలిండరు, కాసిని ఫ్యూజులు

అమెరికాలో ట్రక్కుకైనా బస్సుకైనా ఫెడరల్ నిబంధన 393.95 అడిగేవి ముఖ్యంగా మూడు: ఫైర్ ఎక్స్‌టింగ్విషర్ (మంటలార్పే సిలిండరు), స్పేర్ ఫ్యూజులు, మూడు రిఫ్లెక్టివ్ ట్రయాంగిళ్లు (లైటు పడితే మెరిసే హెచ్చరిక త్రికోణాలు). కొని బండిలో పడేయడం ఎవరైనా చేస్తారు. బండి ఆగిపోయాక ట్రయాంగిళ్లు ఎక్కడ పెట్టాలన్న దగ్గరే తడబాటు.

రోడ్డు మీదో షోల్డర్ (రోడ్డు పక్క అంచు) మీదో ఆగగానే హజార్డ్ లైట్లు వేయాలి. ఆ తర్వాత 10 నిమిషాల్లోపు ట్రయాంగిళ్లు పెట్టేయాలి. ఎదురెదురుగా బండ్లు తిరిగే రోడ్డయితే ఒకటి ట్రాఫిక్ పోయే పక్కన, వచ్చే బండ్ల వైపు 10 అడుగుల దూరంలో. ఇంకోటి వెనక 100 అడుగుల దగ్గర. మూడోది ముందు 100 అడుగుల దగ్గర. వన్‌వే లేదా డివైడర్ ఉన్న హైవే అయితే మూడూ వెనకే: 10, 100, 200 అడుగులు. ఇక్కడ కూడా అలవాటు కొద్దీ ఒకటి ముందు పెట్టేవాళ్లుంటారు. అటు నుంచి వచ్చేవాడే లేడు, ఎవరికోసమో!

వంపు గానీ ఎత్తు గానీ అడ్డుంటే 100 నుంచి 500 అడుగుల మధ్య, ఆ అడ్డు దాటకముందే కనిపించేలా పెట్టాలి. గంటకు 65 మైళ్ల వేగంతో వచ్చే బండి సెకనుకు 95 అడుగులు దాటేస్తుంది. అంటే 200 అడుగులంటే రెండు సెకన్లే. అందుకే వంపు దగ్గర కనీస దూరంతో సరిపెట్టుకోవద్దని నా సలహా.

కొలవడానికి టేపు అక్కర్లేదు, 40 అంగలు వేస్తే దాదాపు 100 అడుగులు. నడిచేటప్పుడు ట్రయాంగిల్‌ని విప్పి, వచ్చే ట్రాఫిక్‌కి కనిపించేలా మీకు అడ్డంగా పట్టుకోండి. మడిచి చంకలో పెట్టుకుంటే చీకట్లో మిమ్మల్ని చూసేదెవరు?

ట్రయాంగిళ్లకు బదులు ఆరు ఫ్యూజీ ఫ్లేర్లు (మంటతో వెలిగే హెచ్చరిక కడ్డీలు) ఉన్నా నిబంధన ఒప్పుకుంటుంది. కానీ అవి కాలిపోయేవి, బండి అక్కడ ఉన్నంతసేపూ కొత్తవి వెలిగిస్తూ ఉండాలి. ట్యాంకు నుంచి ఇంధనం కారుతుంటే దగ్గర్లో మంట పెట్టకూడదు. ట్రయాంగిళ్లతో ఈ బాధ లేదు.

ఎక్స్‌టింగ్విషర్ రేటింగు 5 బి:సి కావాలి (బి అంటే ఇంధనం లాంటి ద్రవాల మంట, సి అంటే కరెంటు మంట, అంకె పెద్దదైతే ఆర్పే శక్తి ఎక్కువ), లేదంటే 4 బి:సివి రెండు. ప్రమాదకర సరుకుల బోర్డు పెట్టాల్సిన లోడయితే 10 బి:సి. సిలిండరు మీద రేటింగు కనిపించాలి, నిండుగా ఉందో లేదో చూడగానే తెలియాలి. గేజి ముల్లు ఆకుపచ్చలో ఉన్నా బ్రాకెట్ పట్టీ విరిగితే పనికిరాదు: సిలిండరు దొర్లుకుంటూ వచ్చి బ్రేకు పెడల్ కింద ఇరుక్కుంటే అసలు ప్రమాదం అదే.

ఫ్యూజుల సంగతి చిన్నదే. తప్పనిసరి పరికరాలకు వాడే ప్రతి రకం, ప్రతి సైజూ కనీసం ఒక్కటి. ఆంపియర్ ఎక్కువున్నది పెట్టి నెట్టుకొస్తే వైర్లు వేడెక్కుతాయి.

బస్సులకు ఇంకో పని ఉంది. తోస్తే తెరుచుకునే కిటికీలు, అత్యవసర తలుపులు, వాటి గుర్తు లైట్లు కనీసం 90 రోజులకోసారి తనిఖీ కావాలి. చూసి టిక్కు పెట్టడం కాదు, కిటికీని చేత్తో తోసి గొళ్లెం విడుతోందో లేదో చూడాలి.