కుక్క కొవ్వులోని మూలకణాలు

ముసలితనంలో తుంటి కీళ్లు అరిగి కుంటుతున్న మా లాబ్రడార్‌ను చూసి, ప్రొద్దుటూరు పశువైద్య కళాశాలలో చదువుతున్న మా మేనకోడలు మూలకణాలతో, అంటే వేరే రకాల కణాలుగా మారగల కణాలతో చేసే చికిత్స గురించి ఓపికగా వివరించింది. కుక్కకు మత్తిచ్చి, చర్మం కింద నుంచి కొద్దిగా కొవ్వు తీసి, కొలాజినేజ్ అనే ఎంజైముతో విడదీసి, సెంట్రిఫ్యూజ్‌లో తిప్పి కణాలను వేరుచేస్తారట. వాటిని అలాగే గానీ, ప్రయోగశాలలో పెంచి గానీ, కీలులోకి సూదితో ఎక్కిస్తారు. ఎముక మజ్జ కంటే కొవ్వులో ఈ కణాలు చాలా ఎక్కువగా దొరుకుతాయి, పైగా తీయడమూ సులభం. నన్ను అన్నిటికంటే ఆకట్టుకున్న సంగతి ఏమిటంటే, ఇవి తామే మృదులాస్థిగా మారడం కన్నా, వాపును తగ్గించే పదార్థాలను విడుదల చేయడం ద్వారానే ఎక్కువ మేలు చేస్తాయని శాస్త్రవేత్తలు భావిస్తున్నారు. కాబట్టి అరిగిన కీలు కొత్తదైపోతుందని ఎవరైనా మాట ఇస్తే నేను నమ్మను. అయితే 2007లో వెలువడిన ఒక నియంత్రిత పరీక్షలో (చికిత్స పొందని కుక్కలతో పోల్చి చూసిన దానిలో), ఈ చికిత్స పొందిన కుక్కలకు కుంటడమూ నొప్పీ తగ్గినట్టు నమోదైంది.