సున్నా దాటిన గ్రాఫ్: నా యాంటెన్నా కొలతల అనుభవం

నిన్నే నా ఎంటెక్ వైవా అయిపోయింది. విజయనగరంలో ఉండి ఇలాంటి ప్రాజెక్టు చేసేవాళ్లకి పనికొస్తుందని, కోపం చల్లారకముందే రాసేస్తున్నాను.

నాది నాలుగు ఎలిమెంట్ల మైమో యాంటెన్నా, అంటే ఒకే బోర్డు మీద కలిసి పనిచేసే నాలుగు చిన్న యాంటెన్నాలు; ఒక్కోదానికీ కేబుల్ తగిలించడానికి ఒక పోర్టు. 3.1 నుంచి 10.6 గిగాహెర్ట్జ్ దాకా, అంటే 2002లో అమెరికా రేడియో నియంత్రణ సంస్థ ఎఫ్‌సీసీ అల్ట్రా వైడ్‌బ్యాండ్‌కి (చాలా వెడల్పైన ఫ్రీక్వెన్సీ పట్టీ వాడే పద్ధతికి) అనుమతించిన మేరంతా పనిచేయాలి. బోర్డు 1.6 మి.మీ. మందం ఎఫ్‌ఆర్‌4 (మామూలు సర్క్యూట్ బోర్డుల పదార్థం), సైజు 40 × 40 మి.మీ. 3.1 గిగాహెర్ట్జ్ దగ్గర తరంగదైర్ఘ్యమే దాదాపు 97 మి.మీ. కాబట్టి, ఇంత ఇరుకులో ఒకదాని సిగ్నల్ ఇంకోదాంట్లోకి దూరిపోతుంది. పక్కపక్క ఎలిమెంట్లని 90 డిగ్రీలు తిప్పి, మధ్యలో గ్రౌండ్ రాగి పొరకి స్టబ్బులు (పొట్టి రాగి ముక్కలు) పెడితే సిమ్యులేషన్‌లో ఐసోలేషన్ 20 డీబీ దాటింది, అంటే ఒకదాని పవర్‌లో నూరో వంతు కన్నా తక్కువే ఇంకోదాంట్లోకి దూరుతోంది. బోర్డు హైదరాబాద్‌లో చేయించాను, కొరియర్‌లో వచ్చింది.

ఒక మాట చెప్పాలి. చాలా పేపర్లలో గ్రౌండ్లని విడివిడిగా వదిలేసి ఐసోలేషన్ అద్భుతమని రాస్తారు. నిజం పరికరంలో అన్ని పోర్టులకీ ఒకటే గ్రౌండ్ ఉండాలి కదా! నా దృష్టిలో అది మోసమే. నేను సన్నటి రాగి గీతలతో నాలుగింటినీ కలిపాకే 20 డీబీ తెచ్చాను.

అసలు బాధ కొలతల దగ్గర మొదలైంది. నేను వెళ్లిన ల్యాబ్‌లో నెట్‌వర్క్ ఎనలైజర్‌కి (యాంటెన్నాలోకి సిగ్నల్ పంపి, ఎంత వెనక్కొచ్చిందో, ఎంత ఇంకో పోర్టుకి చేరిందో కొలిచే పరికరం) కాలిబ్రేషన్, అంటే కేబుళ్ల ప్రభావాన్ని లెక్కలోంచి తీసేసే సర్దుబాటు, చేయమని అడిగితే, అక్కడి టెక్నీషియన్ "అదేటమ్మా, ఎప్పుడో చేసి సేవ్ చేసీసినాం కదా, అదే వాడీ" అన్నాడు. ఆ సేవ్ చేసినది వేరే కేబుల్‌తో చేసినది. ఒకసారికి రెండు పోర్టులే కొలుస్తాం; మిగతా రెండు పోర్టులకి పెట్టడానికి 50 ఓమ్ లోడ్లు (సిగ్నల్‌ని వెనక్కి పంపకుండా మింగేసే మూతలు) కూడా లేవన్నారు. గ్రాఫ్ అలలు అలలుగా వచ్చింది. కొన్నిచోట్ల ఎస్11 గీత (పంపిన పవర్‌లో ఎంత వెనక్కొచ్చిందో చూపేది; సున్నా డీబీ అంటే మొత్తం వెనక్కొచ్చినట్టు) సున్నా డీబీ పైకి పోయింది.

రివ్యూలో ఆ గ్రాఫ్ చూసి పెద్దాయన ఒకరు, జూనియర్లందరి ముందూ, "సిమ్యులేషన్‌లో బొమ్మ బాగా గీశావమ్మా, యాంటెన్నా మాత్రం రాలేదు" అన్నారు. "సర్, ఇందులో బ్యాటరీ లేదు, యాంప్లిఫయర్ లేదు. పంపిన దానికన్నా ఎక్కువ పవర్ వెనక్కి ఎలా వస్తుంది? తప్పు కాలిబ్రేషన్‌లో ఉంది" అన్నాను. "పనిముట్టు మీదకి నెట్టడం అందరూ చేసేదే" అని ఫైలు పక్కకి తోసేశారు. వెనక బెంచీలో నవ్వులు. నాలుగేళ్ల బీటెక్‌లో, ఆ తర్వాతా ఎవరూ నన్ను అలా అనలేదు. ఆ రాత్రి అన్నం సహించలేదు.

వైజాగ్‌లో ఇంకో ల్యాబ్ వాళ్లని బతిమాలి, ప్యాసింజర్‌లో వెళ్లాను. అక్కడి మేడమ్ మొదట కేబుల్ చివర్లోనే ఓపెన్ (ఖాళీ చివర), షార్ట్ (రెండు తీగలూ కలిపేసినది), లోడ్, త్రూ (రెండు కేబుళ్లనీ నేరుగా కలిపేది) నాలుగూ పెట్టి కొత్తగా కాలిబ్రేట్ చేశారు. తర్వాత ఓపెన్ పెట్టి చూస్తే స్మిత్ చార్ట్‌లో (వెనక్కొచ్చే సిగ్నల్‌ని చూపే గుండ్రటి గ్రాఫ్) చుక్క కుడి అంచుకి వెళ్లింది, లోడ్ పెడితే మధ్యలో కూర్చుంది. అప్పుడే యాంటెన్నా తగిలించారు. కొలుస్తున్నప్పుడు కేబుల్‌ని చేత్తో పట్టుకోమన్నారు. గీత కదిలితే, కేబుల్ పైతొడుగు మీద కూడా కరెంట్ పారుతోందని అర్థం. చిన్న గ్రౌండ్ ఉన్న యాంటెన్నాలకి ఇది మామూలే. నాది కింది ఫ్రీక్వెన్సీల దగ్గర కొంచెమే కదిలింది.

నాలుగు పోర్టులకి ఆరు జతలు. ఒక్కో జతకీ మిగతా రెండింటికీ లోడ్లు పెట్టి కొలిచాం. ఐసోలేషన్ సిమ్యులేషన్‌కి దగ్గరగానే వచ్చింది.

వైవాలో రెండు గ్రాఫులూ పక్కపక్కన పెట్టాను. ఆ పెద్దాయన "ఊఁ, సరే" అన్నారు, అంతే. క్షమాపణ లేదు.

మీరు వెళ్లేటప్పుడు లోడ్లు సొంతంగా కొని పట్టుకెళ్లండి. కాలిబ్రేషన్ అయ్యాక ఓపెన్, లోడ్ పెట్టి చూసిన స్క్రీన్‌ని ఫోటో తీసుకోండి, తారీఖు కనిపించేలా. "సేవ్ చేసినది ఉంది" అంటే మాత్రం ఒప్పుకోకండి.