ఏటి ఒడ్డున నాన్న గుచ్చిన పుల్ల

నాన్న మా ఇంటికి వచ్చి నెల దాటాక ఒక సాయంత్రం అడిగాడు. "ఒరే, ఇక్కడ ఏరుందన్నావు కదా. నీళ్ళ పక్కన చాప వేసుకుని పడుకునే చోటే లేదేంట్రా?"

మేం ఉండేది అమెరికాలో, అయోవా రాష్ట్రంలోని సీడర్ రాపిడ్స్‌లో. ఊరి మధ్య నుంచే సీడర్ నది పారుతుంది. 2008 జూన్‌లో ఆ నది 31 అడుగులు దాటి ఊళ్ళోకి వచ్చింది. అప్పటి నుంచి ఒడ్డున గోడలు, కట్టలు కడుతూనే ఉన్నారు. నాన్నకి ఆ గోడలు ఎందుకో బాగా తెలుసు. ఆయన పుట్టి పెరిగింది గౌతమి పాయలో ఒక లంక ఊళ్ళో. 86 వరదలో ఇంటి చూరు దాకా నీళ్ళు చూసిన మనిషి. అయినా నది పక్కనే ఉండి నదిని గోడ మీంచి చూడటం ఆయనకి నచ్చలేదు.

అలా మొదలైంది ఈ ప్రయాణం. జూలై ఆఖరి వారంలో శుక్రవారం సెలవు పెట్టి నేను, నా భార్య, తొమ్మిదేళ్ళ మా అబ్బాయి, నాన్న కలిసి రెండు రాత్రులకి బయల్దేరాం. ఒక రాత్రి చెరువు గట్టున, ఒక రాత్రి ఏటి ఒడ్డున. రెండూ కౌంటీ పార్కులే.

కౌంటీ పార్కుల గురించి కొంచెం చెప్పాలి. అమెరికా అనగానే మనవాళ్ళు ఎల్లోస్టోన్, గ్రాండ్ కాన్యన్ అంటారు. అయోవాలో అలాంటివేం లేవు. ఈ రాష్ట్రంలో నూటికి 97 వంతులకు పైగా నేల ప్రైవేటు వాళ్ళదే. ఎటు చూసినా మొక్కజొన్న, సోయా చేలు. చేలకి కంచెలు. ఇలాంటి చోట అందరికీ చెందిన చెట్టు నీడా, అందరికీ చెందిన నీటి ఒడ్డూ కొంతైనా ఉండాలని 1955లో ఒక చట్టం తెచ్చారు. కౌంటీ అంటే మన జిల్లా లాంటిదే, కాకపోతే చాలా చిన్నది. ఏ కౌంటీకి ఆ కౌంటీ ప్రజలే ఓటు వేసి ఒక కన్సర్వేషన్ బోర్డు పెట్టుకోవచ్చని ఆ చట్టం చెప్పింది. ఇప్పుడు ఉన్న 99 కౌంటీల్లోనూ ఈ బోర్డులున్నాయి. మ్యాపులో వెతికితే తప్ప కనపడని చిన్న పార్కుల్ని, ఏటి మలుపుల్ని, చెరువుల్ని చూసుకునేది వీళ్ళే. నాకు ఈ ఏర్పాటు మీద చాలా గౌరవం. నేషనల్ పార్కు చూడటానికి దేశమంతా వస్తుంది. ఈ పార్కులు మాత్రం చుట్టుపక్కల ఊళ్ళవాళ్ళు తమ కోసం, తమ పిల్లల కోసం అట్టే పెట్టుకున్నవి. మనలాంటి కొత్తవాళ్ళకీ అంతే సులువుగా చోటిస్తాయి.

ఇండిపెండెన్స్, ఓల్‌వైన్, వెస్ట్ యూనియన్ ఊళ్ళ మీదుగా 150వ నంబరు రోడ్డులో ఉత్తరానికి వెళ్ళాం. దారి పొడుగునా నాన్న చేలే చూస్తున్నాడు. ఇందులో ఎక్కువ భాగం మనుషులు తినేది కాదు, పశువుల దాణాకీ ఇథనాల్‌కీ పోతుందని చెబితే కాసేపు మాట్లాడలేదు. తర్వాత "ఇంత నేలా?" అన్నాడు. అంతే.

ఎల్డొరాడో దాటాక టర్కీ నది ఒడ్డున ఒక చిన్న కౌంటీ పార్కులో పులిహోర తినడానికి ఆగాం. నాలుగు బల్లలు, ఒక మరుగుదొడ్డి, ఒక చేతిపంపు. ఆ పంపు చూడగానే నాన్న మొహం వెలిగిపోయింది. "బోరింగురా!" అంటూ వెళ్ళి కొట్టడం మొదలెట్టాడు. పది దెబ్బలకి కానీ నీళ్ళు రాలేదు. వచ్చాక చల్లగా, ధారగా వచ్చాయి. మా వాడు పుట్టాక చేతిపంపు చూడటం ఇదే మొదటిసారి. తాత కొడుతుంటే దోసిలి పట్టి తాగాడు, తర్వాత వాడు కొడుతుంటే తాత కాళ్ళు కడుక్కున్నాడు. అక్కడే గంట గడిచిపోయింది.

మొదటి రాత్రి మజిలీ విన్నెషీక్ కౌంటీలోని లేక్ మేయర్. కాల్‌మార్‌కీ ఫోర్ట్ అట్కిన్సన్‌కీ మధ్య, చేల నడుమ గుంటలో ఒదిగిన చిన్న చెరువు. కరెంటు ప్లగ్గులున్న చోట్లలో పెద్ద పెద్ద క్యాంపర్ బళ్ళు నిలిపారు. మేం ప్రిమిటివ్ సైట్ తీసుకున్నాం. ప్రిమిటివ్ అంటే మరేం లేదు, కరెంటు లేదు, నల్లా మన చోటికి రాదు. గడ్డి నేల, ఒక చెక్క బల్ల, మంట వేసుకోడానికి ఒక ఇనప చుట్టు. మిగతాదంతా మనం తెచ్చుకోవాల్సిందే. అద్దె నలుగురం బయట ఒక పూట తినే ఖర్చు కంటే తక్కువ.

ఆ అద్దె కట్టే పద్ధతే నాన్నని కదిలించింది. గేటు లేదు, గుమాస్తా లేడు. స్తంభానికి ఒక ఇనప డబ్బా, పక్కన కవర్లు. కవరు మీద పేరు, కారు నంబరు, మన సైట్ నంబరు రాసి, డబ్బు లోపల పెట్టి, డబ్బాలో వెయ్యాలి. చింపిన ముక్కని సైట్ దగ్గర కర్రకి తగిలించాలి. "వెయ్యకపోతే?" అన్నాడు నాన్న. ఎవరో రోజుకోసారి వచ్చి చూస్తారని చెప్పాను. ఆయన కవరు నా చేతిలోంచి తీసుకుని, నోట్లు రెండుసార్లు లెక్కపెట్టి, తనే డబ్బాలో వేశాడు.

మంట చుట్టు పక్కన అంతకుముందు వచ్చినవాళ్ళు వదిలేసిన కట్టెలు నాలుగు పేర్చి ఉన్నాయి. ఇంట్లో ఇన్ని కట్టెలుండగా ఇక్కడ ఎందుకు కొంటున్నావని నాన్న దారిలో అడిగాడు. యాష్ చెట్లని చంపే ఒక ఆకుపచ్చ పురుగు కట్టెల్లో దాగి ఊరి నుంచి ఊరికి పోతుంది. అయోవాలో దాన్ని మొదట చూసింది 2010లో, ఈ పక్క కౌంటీ అల్లమకీలోనే. అందుకే కట్టెలు ఎక్కడివి అక్కడే కొని, అక్కడే కాల్చాలి, మిగిలితే అక్కడే వదలాలి. వివరం విన్నాక నాన్న "కొబ్బరికి తెల్లదోమ వచ్చినట్టన్నమాట" అన్నాడు. అంతకంటే బాగా నేను చెప్పలేను.

ఆ రాత్రి నిప్పుల మీద వంకాయలు కాల్చాం. నా భార్య ఇంటి దగ్గరే చింతపండు రసం తీసి సీసాలో పోసుకొచ్చింది. చేత్తో పిసికిన కాల్చిన వంకాయ, ఉల్లిపాయ, పచ్చిమిర్చి, కొత్తిమీర. గోదావరి జిల్లాలో పచ్చిపులుసు తినని ఇల్లుండదు. అయినా కట్టెల పొగ వాసనతో అది తిని నాకు ఇరవై ఏళ్ళయింది. దారిలో బండి మీద కొన్న స్వీట్ కార్న్ పొత్తులు కూడా కాల్చాం. తింటూ తల ఎత్తితే చెరువు అవతల గట్టంతా మిణుగురులు. మా వాడు అరవలేదు, పరిగెత్తలేదు. తాత ఒళ్ళో కూర్చుని చూస్తూ ఉండిపోయాడు.

నిద్ర మాత్రం సరిగ్గా పట్టలేదు. కప్పలు ఒక పక్క, గుడ్లగూబ ఒక పక్క. నేల గట్టిగా ఉంది. డెబ్బై దాటిన నాన్నకి నడుం పడుతుందేమోనని నాకు టెన్షన్. ఆయన మాత్రం తెల్లవారేదాకా గురక పెట్టాడు.

పొద్దున దగ్గర్లోనే ఉన్న ఫోర్ట్ అట్కిన్సన్ కోట చూశాం. విస్కాన్సిన్ నుంచి హో-చంక్ అనే ఆదివాసీ జాతివాళ్ళని ఖాళీ చేయించి ఇక్కడికి తెచ్చాక, వాళ్ళు ఇక్కడే ఉండేలా చూడటానికి 1840లో సైన్యం కట్టడం మొదలుపెట్టిన కోట అది. ఎనిమిదేళ్ళకే, 1848లో, వాళ్ళని మళ్ళీ లేపి మిన్నెసోటాకి పంపేశారు. మరుసటి ఏడు కోట మూసేశారు. నేను బోర్డు చదివి చెబుతుంటే నాన్న దిగువన టర్కీ నది పారే లోయకేసి చూస్తూ, "పోలవరం ముంపు ఊళ్ళవాళ్ళని ఒక్కసారి లేపితేనే మనుషులు సగమైపోయారు. వీళ్ళని రెండుసార్లు" అన్నాడు. ఆ నేల మీదే మేం రాత్రి సరదాగా టెంట్ వేసుకున్నామన్న సంగతి నాకు అక్కడ గుర్తొచ్చింది.

రెండో మజిలీ కెండల్‌విల్ పార్కు. ఇక్కడి నేల తీరే వేరు. చివరి మంచుయుగంలో హిమానీనదాలు ఈ మూలని తాకలేదు. అందుకే మిగతా అయోవాలా చదునుగా ఉండదు. లోతైన లోయలు, సున్నపురాతి కొండలు, రాతి సందుల్లోంచి ఊరే చల్లని ఊటలు. వీటి మధ్య నుంచి మెలికలు తిరుగుతూ వచ్చేది అప్పర్ అయోవా నది. మిన్నెసోటాలో పుట్టి, ఇటు వచ్చి, చివరికి మిసిసిపీలో కలుస్తుంది. కెండల్‌విల్ నుంచి దిగువన బ్లఫ్టన్ దాకా ఒడ్డున రాతి గోడలు, పొగగొట్టాల్లా నిలబడ్డ రాళ్ళు. వేసవిలో జనం పడవలేసుకుని అవి చూస్తూ పోతారు.

నీటికి పదడుగుల దూరంలో టెంట్ వేశాం. ఆ చోటు ఎంచింది నేనే. మెత్తటి గడ్డి, పైన చెట్టు నీడ, ముందు మోకాలి లోతు నీళ్ళు, అడుగున గులకరాళ్ళు లెక్కపెట్టుకోవచ్చు. మధ్యాహ్నమంతా నీళ్ళలోనే గడిచింది. ఇలాంటి చోట్లకి పిల్లలతో వెళ్ళేవాళ్ళకి ఒక మాట. ఒడ్డున మూడేసి ఆకుల పాయిజన్ ఐవీనీ, పసుపు పూల వైల్డ్ పార్స్‌నిప్‌నీ ముట్టుకోకూడదు. రెండోదాని పసరు తగిలిన చోట ఎండ పడితే ఒళ్ళు కాలినట్టు బొబ్బలొస్తాయి. రాత్రి పడుకునే ముందు పిల్లల చెవుల వెనక, మోకాళ్ళ వెనక రక్తం తాగే టిక్ పురుగులు పట్టాయేమో వెతకాలి. నీళ్ళు ఎంత తేటగా కనిపించినా తాగకూడదు. పైన చేలున్నాయి, ఎరువులన్నీ ఇందులోకే దిగుతాయి.

ఆరు గంటలకి నాన్న మాట్లాడటం మానేశాడు. ఒడ్డున గొంతుకు కూర్చుని నీళ్ళనే చూస్తున్నాడు. వెళ్ళి పక్కన కూర్చున్నాను.

"నురగ చూడు."

చూశాను. తెల్లటి నురగ ముద్దలు, మధ్యమధ్య ఎండుటాకులు, చిన్న చిన్న పుల్లలు. మా నెత్తిన ఆకాశం నీలంగా ఉంది. పడమట మాత్రం, చాలా దూరంలో, మబ్బు నల్లగా లేచింది.

"పైన ఎక్కడో గట్టిగా పడిందిరా. ఇది కొత్త నీరు."

ఆయన లేచి, చెట్టు కింద రాలిన పుల్ల ఒకటి తీసి, సరిగ్గా నీటి అంచున గుచ్చాడు. మా లంకలో వరద రోజుల్లో ప్రతి ఇంటి ముందూ ఇలాంటి పుల్ల ఒకటుండేది. భద్రాచలం దగ్గర ఎన్ని అడుగులుందో రేడియోలో వినడం, వచ్చి పుల్ల చూసుకోవడం. చిన్నప్పుడు పుల్ల చూసి చెప్పడం నా పని. ఇక్కడ కూడా నదిలో గేజీలున్నాయి, నీటిమట్టం ఫోన్‌లో చూసుకోవచ్చు. కానీ ఈ లోయలో నా ఫోన్‌కి సిగ్నల్ లేదు.

ఏడున్నరకి పుల్ల చుట్టూ నీళ్ళు. రంగు మారింది, గులకరాళ్ళు కనపడటం లేదు. తొమ్మిదిన్నరకి టార్చి వేసి చూస్తే పుల్ల బొటనవేలంత బయటికి ఉంది.

"లేపు. పైకి పోదాం" అన్నాడు నాన్న.

"మావయ్యగారూ, బాబు నిద్రపోయాడు. ఇంకా ఎనిమిదడుగులుంది కదా" అంది నా భార్య.

"అమ్మాయ్, ఏరు అడుగులు లెక్కపెట్టి రాదమ్మా. చీకట్లో అయితే అసలే చెప్పదు."

ఇంకెవరూ ఎదురు చెప్పలేదు. పిల్లాణ్ణి కారులో పడుకోబెట్టి, మేకులు పీకి, టెంట్‌ని నాలుగు మూలలా ఎత్తిపట్టుకుని గట్టు మీద ఖాళీగా ఉన్న చోటికి మోసుకెళ్ళాం. అవతల ఇంకో టెంట్‌లో ఒక కుర్ర జంట ఉంటే నాన్న నన్ను పంపి వాళ్ళకీ చెప్పించాడు. వాళ్ళు నదిని చూసి, వెంటనే లేచి మా పక్కకే వచ్చేశారు. చినుకు కూడా పడలేదు. రాత్రంతా కింద ఏటి చప్పుడు మాత్రం పెరుగుతూ వచ్చింది. నాన్న టెంట్‌లోకి రాలేదు. బరకం కప్పుకుని బల్ల మీద కూర్చున్నాడు. రెండింటప్పుడు టీ కాచి ఇచ్చి నేనూ పక్కన కూర్చున్నాను. 86లో మా నానమ్మని తాటిదోనె మీద ఎక్కించి ఎలా దాటించాడో, గొడ్లని తాళ్ళు కోసి ఎందుకు వదిలేయాల్సొచ్చిందో ఆ రాత్రి మొదటిసారి చెప్పాడు. మధ్యలో రెండుసార్లు ఆగిపోయాడు. నేను ఏమీ అడగలేదు.

తెల్లవారి చూస్తే మేం మొదట మంట వేసిన ఇనప చుట్టులో సగం దాకా నీళ్ళు. టెంట్ వేసిన గడ్డి మీద పల్చటి బురద నీరు. పెద్ద వరదేం కాదు, అక్కడివాళ్ళకి మామూలే. పది గంటలకల్లా తగ్గడం మొదలైంది.

బయల్దేరే ముందు నాన్న పైన సైట్‌లో బూడిద ఆర్పి, మేం కొన్న కట్టెల్లో మిగిలిన ఆరింటినీ తడవకుండా బల్ల కింద పేర్చాడు. మా వాడు కిందికి పరిగెత్తి పుల్ల వెతికాడు. పడిపోలేదు, ఒండ్రు పూసుకుని అక్కడే నిలబడి ఉంది.

"తాతా, పీకెయ్యనా?"

"వద్దురా. వచ్చేవాళ్ళు చూసుకుంటారు, ఉండనీ."