గిన్నె మీద పేరు

మా అమ్మమ్మ ఇత్తడి చెంబు మీద చుక్కలు చుక్కలుగా 'సూ.ల.' అని ఉంటుంది. పెళ్లిళ్లకీ వ్రతాలకీ వీధిలో అందరి సామాన్లూ ఒకచోట చేరేవి. పేరు కొట్టించకపోతే చెంబు మళ్లీ మనింటికి రాదనేది అమ్మమ్మ. నేను చైనా గిన్నెలు పోగుచెయ్యడం మొదలుపెట్టడానికి కారణం ఆ చెంబే.

ఆరేళ్ల క్రితం కలకత్తాలో ఉన్న అన్నయ్య ఇంటికి వెళ్లాం. ఆదివారం తెల్లవారకముందే లేచి టిరెట్టా బజార్‌లో చైనీయుల టిఫిన్లు తిన్నాం. అక్కడ ఒక పాత సామాన్లాయన దగ్గర అన్నం తినే గిన్నె ఒకటి కనిపించింది. బూడిద కలిసినట్టున్న తెలుపు. బయటివైపు నీలిరంగులో వెదురు ఆకులు, మూడు వలయాలు, తూనీగలాంటి ఒక గీత. తిరగేస్తే అడుగున ఎవరో మెరుపు పూత పెచ్చులూడేలా చుక్కలు కొట్టారు. "అది డ్యామేజీ" అని ఆయన రెండు వందలు తగ్గించాడు. నాకు మాత్రం వెంటనే అమ్మమ్మ చెంబు గుర్తొచ్చింది.

మూడు అడ్డగీతలు, మధ్యలో ఒక నిలువుగీత. మొత్తం ఇరవై మూడు చుక్కలు. టిఫిన్ బండి దగ్గర ఉన్న పెద్దాయనకి చూపిస్తే "వోంగ్" అన్నాడు. రాజు అని అర్థమట, అది ఇంటిపేరు కూడా.

ఇంటికొచ్చాక దీని గురించి చదవడం మొదలుపెట్టి చాలా రాత్రులు నిద్ర మానుకున్నాను. ఈ వెదురాకుల బొమ్మ ఉన్న గిన్నెలు దక్షిణ చైనాలో గ్వాంగ్‌డాంగ్ బట్టీల్లో చవగ్గా తయారయ్యేవి. నా గిన్నె లోపల మధ్యలో మెరుపు లేని గరుకు వలయం ఒకటుంది. బట్టీలో ఒకదాని మీద ఒకటి పెట్టి కాల్చినప్పుడు అంటుకుపోకుండా అక్కడ పూత తుడిచేసేవాళ్లు. వేలు పెడితే ఇప్పటికీ గరగరలాడుతుంది. చైనాలో పింగాణీకి పేరుపడ్డ జింగ్‌దెజెన్‌లో చేసిన లేతాకుపచ్చ కప్పులు ఇంతకంటే సన్నం, ఖరీదు కూడా ఎక్కువ. నా మనసు మాత్రం ఈ గరుకు దాని మీదే.

బతుకుతెరువు కోసం వెళ్లినవాళ్లతోపాటే ఈ గిన్నెలు సముద్రాలు దాటాయి. కాలిఫోర్నియాలో బంగారం తవ్వడానికీ, 1869లో పూర్తయిన, అమెరికాని అడ్డంగా దాటే రైలు మార్గం వెయ్యడానికీ వేలమంది చైనీయులు వెళ్లారు. కాలిఫోర్నియాలోనే శాన్ హోసేలో ఉన్న వాళ్ల పేట 1887లో తగలబడిపోయింది. 1985లో అక్కడ తవ్వితే ఇలాంటి గిన్నెలే ముక్కలు ముక్కలుగా బయటపడ్డాయి. కొన్నిటి మీద ఇలాగే కొట్టిన అక్షరాలున్నాయి. పెళ్లాం పిల్లల్ని ఊళ్లో వదిలి, పదిమంది మగాళ్లు ఒకే వంటింట్లో తినేచోట ఏ గిన్నె ఎవరిదో తెలియాలి కదా. ఇత్తడి అయితే సొట్ట పడుతుంది కానీ పగలదు. కాల్చిన గిన్నె మీద మొనతో ఒక్కో చుక్కా కొట్టడమంటే, దెబ్బ కాస్త గట్టిగా పడితే చాలు, మధ్యాహ్నం తిండికి గిన్నె ఉండదు.

కలకత్తా కథ ఇంకా పాతది. 18వ శతాబ్దం చివర్లో టాంగ్ అచ్యూ అనే చైనా వ్యాపారి అప్పటి గవర్నర్ జనరల్ వారెన్ హేస్టింగ్స్ దగ్గర భూమి పుచ్చుకుని చెరకు పండించాడు. ఆ ఊరిని ఇప్పటికీ అచిపూర్ అనే అంటారు. తర్వాత వడ్రంగులు, చెప్పులు కుట్టేవాళ్లు, తోలు పనివాళ్లు వచ్చారు. 1962 చైనా యుద్ధంలో మన దేశంలోని చైనీయుల్ని వేలల్లో పట్టుకెళ్లి రాజస్థాన్‌లోని దేవ్‌లీ శిబిరంలో పెట్టారు. అప్పుడు ఎన్ని ఇళ్లలో గిన్నెలు అలాగే వదిలేసి వెళ్లారో తలుచుకుంటే నాకు కడుపులో దేవుతుంది. పాత సామాన్ల కొట్లో ఏ గిన్నె చూసినా మొదట ఆ ఆలోచనే వస్తుంది.

ఒక తప్పు చేశాను, అది చెప్పాలి. పియోనీ, తామర, చామంతి, ప్లమ్ పూలు వేసిన చిన్న పళ్లెం ఒకటి దొరికింది. నాలుగు రుతువులకి నాలుగు పూలు. జిడ్డుగా ఉందని స్టీల్ పీచుతో తోమాను. నీలిరంగు అయితే మెరుపు పూత కింద ఉంటుంది కాబట్టి ఏమీ కాదు. ఈ పూల రంగులు పూత పైన వేసి రెండోసారి కాల్చినవి, మెత్తగా ఉంటాయి. చామంతి సగం పోయింది. వందేళ్లు నిలిచిన పువ్వు నా చేతిలో పోయింది, ఇప్పటికీ బాధే. మీ దగ్గర ఇలాంటివి ఉంటే గోరువెచ్చని నీళ్లు, మెత్తని గుడ్డ. అంతే.

పోయిన వారం విశాఖపట్నం కురుపాం మార్కెట్ దగ్గర గిన్నెల మీద పేర్లు కొట్టే తాత దగ్గరికి వోంగ్ గిన్నె పట్టుకెళ్లాను. ఇప్పుడందరూ మిషనుతో గిర్రుమని రాసేస్తారు, ఆయన మాత్రం ఇంకా సుత్తీ ఉలీ వాడతాడు. కళ్లజోడు పైకి నెట్టి, గిన్నె అడుగున బొటనవేలు తిప్పుతూ చాలాసేపు చూశాడు.

"పగలకుండా కొట్టాడమ్మా, చెయ్యి బాగా తేలిక" అన్నాడు. మళ్లీ తడిమి, "ఇదిగో, ఈ మూడో గీత దగ్గర జారింది సూడండి. ఆగి, మళ్లీ పక్కనుంచి మొదలెట్టాడు."

ఆరేళ్లుగా చూస్తున్నాను, ఆ పక్కకి పోయిన చుక్క నా కంట పడలేదు.