నాన్న కారు, మూడు వారాల ఇన్సూరెన్స్

2024 డిసెంబర్‌లో నాన్న సంవత్సరీకానికి హైదరాబాద్ వెళ్ళాలి, మూడు వారాలు సెలవు దొరికింది, రామంతాపూర్ ఇంటి సెల్లార్‌లో నాన్న వ్యాగనార్ అలాగే ఉంది, పెద్దమ్మ కొడుకు, అంటే అన్నయ్య, వారానికోసారి స్టార్ట్ చేసి పెడుతున్నాడు, అవసరమైతే బయటికి తీస్తున్నాడు. చుట్టాలందరినీ పిలవాలి, సామాన్లు తేవాలి, ఏడాది మైల తీరాక అమ్మని యాదగిరిగుట్టకు తీసుకెళ్ళాలి, అందుకని ఆ మూడు వారాలకి నా పేరు మీద ఇన్సూరెన్స్ తీసుకుని ఆ కారే నడుపుదాం అనుకున్నాను. మాంచెస్టర్‌లో ఇది చాలా మామూలు విషయం. ఇక్కడ ఇన్సూరెన్స్ నడిపే మనిషిని చూసి ఇస్తారు, పాలసీలో పేరు లేకపోతే మొగుడి కారైనా ముట్టకూడదు, కాబట్టి ఎవరి కారైనా రెండు రోజులు కావాలంటే ఫోన్‌లోనే ఆ రెండు రోజులకీ పాలసీ కొనుక్కుంటాం. అదే అలవాటుతో ఇండియా పాలసీల కోసం రెండు రాత్రులు వెతికాను. దొరకలేదు.

దొరకకపోవడానికి కారణం ఉంది. మన దగ్గర పాలసీ బండికి ఉంటుంది. ఓనర్ ఇష్టపడి తాళాలు ఇస్తే, చెల్లే లైసెన్స్ ఉన్న ఎవరు నడిపినా ఆ పాలసీయే వర్తిస్తుంది, నడిపేవాళ్ళ పేరు అందులో రాయించనక్కరలేదు. ప్రైవేటు కార్లకి పాలసీ కనీసం ఏడాదికి ఉంటుంది, 2018 సెప్టెంబర్ నుంచి కొత్త కారు కొంటే థర్డ్ పార్టీ, అంటే మన బండి వల్ల అవతలి వాళ్ళకి జరిగే నష్టానికి బీమా, ఒకేసారి మూడేళ్ళకి తీసుకోవాలి. కిలోమీటర్ల లెక్కన కట్టే పాలసీలు 2022 నుంచి వచ్చాయి గానీ అవి కూడా ఏడాదివే, తక్కువ తిప్పే వాళ్ళకి ప్రీమియం తగ్గుతుంది అంతే. అసలు థర్డ్ పార్టీ ఒక్కటే అయితే ఖర్చు కూడా పెద్దది కాదు. 2024లో 1000 సీసీ లోపు కారుకి ఏడాదికి 2,094 రూపాయలు, 18 శాతం జీఎస్టీ కలిపితే 2,471, అంటే పాతిక పౌండ్ల లోపే. ఇంగ్లండ్‌లో ఒక వారాంతానికి అంతకన్నా ఎక్కువే కట్టాను.

సరే, బండికి పాలసీ ఉంటే చాలు కదా, అన్నయ్య ఏప్రిల్‌లోనే రెన్యువల్ చేశానన్నాడు కదా, టెన్షన్ లేదు అనుకుని వాట్సాప్‌లో ఆ పాలసీ పంపమన్నాను. తెరిచి చూస్తే ఇన్సూర్ చేసుకున్న వ్యక్తి దగ్గర నాన్న పేరు ఉంది.

నాన్న పోయింది 2023 డిసెంబర్‌లో. అన్నయ్య పాపం మంచి మనసుతోనే చేశాడు, గడువు అయిపోతోందని నాన్న ఫోన్‌కి మెసేజ్ వస్తే ఆ ఫోన్ అమ్మ దగ్గర ఉంది కాబట్టి ఓటీపీ అడిగి ఐదు నిమిషాల్లో డబ్బు కట్టేశాడు. ఎవరైనా అలాగే చేస్తారు. కానీ పాలసీ షరతుల్లో చిన్న అక్షరాల్లో ఒక మాట ఉంటుంది: పాలసీదారు చనిపోతే పాలసీ వెంటనే రద్దు కాదు, మూడు నెలల వరకు గానీ గడువు తీరేవరకు గానీ, ఏది ముందైతే అప్పటివరకు నడుస్తుంది. ఆ మూడు నెలల్లో వారసులు తమ పేరుకి మార్పించుకోవాలి. మా లెక్క ప్రకారం అది మార్చిలోనే అయిపోయింది. ఇక ఏప్రిల్‌లో కట్టిన డబ్బుకి వచ్చిన పాలసీ, లేని మనిషితో కుదిరిన ఒప్పందం. హబ్సిగూడలో ఒక ఇన్సూరెన్స్ ఆఫీసుకి ఫోన్ చేస్తే అక్కడి ఆయన తేల్చి చెప్పాడు, "మేడమ్, కాగితం చూపిస్తే ట్రాఫిక్ వాళ్ళు వదిలేస్తారేమో గానీ, యాక్సిడెంట్ అయితే క్లెయిమ్ దగ్గర ఇది నిలబడదు." తొమ్మిది నెలలుగా అన్నయ్య అదే కారులో అమ్మని హాస్పిటల్‌కి తిప్పుతున్నాడు. ఆ రాత్రి నాకు నిద్ర పట్టలేదు.

థర్డ్ పార్టీ అంటే ఏమిటో ఒకసారి ఆలోచించండి. మన కారు వల్ల ఎవరైనా చనిపోయినా గాయపడినా కోర్టు ఎంత పరిహారం అంటే అంత ఇన్సూరెన్స్ కంపెనీ కట్టాలి, మనుషుల విషయంలో దానికి పరిమితి లేదు, ఆస్తి నష్టానికి మాత్రం ఏడున్నర లక్షలు. పాలసీ లేకపోతే ఆ మొత్తం కారు ఎవరిదో వాళ్ళ మెడకి చుట్టుకుంటుంది, మా ఇంట్లో అయితే అమ్మకి. పోలీసులు వేసే ఫైన్ మొదటిసారి 2,000, రెండోసారి 4,000 అని అందరూ దాని గురించే మాట్లాడతారు, నాకు అది అసలు విషయమే అనిపించదు.

రెండో సమస్య నా లైసెన్స్. 2003లో హైదరాబాద్‌లోనే తీసుకున్నాను, దానికి 20 ఏళ్ళ గడువు, అంటే 2023లో అయిపోయింది. గడువు తీరి ఏడాది దాటితే మళ్ళీ టెస్ట్ ఇవ్వాలి, 2019లో చట్టం మార్చాక ఇలా అయింది, అంతకు ముందు ఐదేళ్ళ దాకా వెసులుబాటు ఉండేది. చాలామంది మనవాళ్ళు పర్సులో పాత లైసెన్స్ కార్డు పెట్టుకుని శంషాబాద్‌లో దిగగానే స్టీరింగ్ పట్టుకుంటారు, దయచేసి ముందు ఆ కార్డు మీద తేదీ చూసుకోండి. చెల్లే లైసెన్స్ లేకుండా నడిపితే ఫైన్ 5,000 సంగతి అటుంచి, మీ సొంత బండి డ్యామేజీకి కంపెనీ పైసా ఇవ్వదు, అవతలి వాళ్ళకి ఇచ్చింది కూడా తర్వాత ఓనర్ దగ్గర వసూలు చేయొచ్చు. ఓనర్ అంటే కారు అప్పిచ్చిన మీ బావగారో, మీ నాన్నగారో. నేను ఇంగ్లండ్ లైసెన్స్‌తో పాటు ఇంటర్నేషనల్ డ్రైవింగ్ పర్మిట్ తీసుకున్నాను. ఇండియాకి 1949 ఒప్పందం కింద ఇచ్చేది కావాలి, వేరే సంవత్సరాల ఒప్పందాలవి కూడా ఉన్నాయి, కొట్టువాడు ఏది ఇస్తున్నాడో చూసుకోవాలి. పోస్టాఫీసుల్లో ఇప్పుడు ఇవ్వట్లేదు, పేపాయింట్ (బిల్లులు కట్టే మెషిన్) ఉన్న కొట్లలో ఇస్తారు, ఐదున్నర పౌండ్లు, ఒక ఫోటో, అక్కడికక్కడే చేతికిస్తారు.

ఇంటికి చేరిన రోజు అమ్మ, "తాళంచెవులు దేవుని గూట్లనే పెట్టిన బిడ్డా, మీ నాన్న బండి నువ్వు నడిపితే చూడాలని ఉంది" అంది. ఇప్పుడు వద్దమ్మా అని చెప్పడం చాలా కష్టమైంది. పక్కన కూర్చుని మొత్తం వివరంగా చెప్పాను, పాలసీ కాగితం చూపించాను. కాసేపు ఏమీ మాట్లాడలేదు, తర్వాత లేచి వెళ్ళి బీరువాలోంచి ఆర్‌సీ, నాన్న డెత్ సర్టిఫికెట్ తెచ్చి నా ముందు పెట్టింది.

అక్కడి నుంచి పని మొదలు. ముందు ఆర్‌సీ అమ్మ పేరు మీదకి మారాలి. ఓనర్ చనిపోయినప్పుడు వారసులు ఇవ్వాల్సింది ఫారం 31, మూడు నెలల్లో ఇవ్వాలి, మేము ఆలస్యంగా ఇచ్చాం. తహసీల్దార్ ఇచ్చే ఫ్యామిలీ మెంబర్ సర్టిఫికెట్‌కి మీసేవలో అప్లై చేశాం, తమ్ముడూ నేనూ మాకు అభ్యంతరం లేదని స్టాంప్ పేపర్ మీద రాసి నోటరీ చేయించాం. తమ్ముడు ఆస్టిన్ నుంచి వచ్చి ఉన్నాడు కాబట్టి సరిపోయింది, లేకపోతే ఆ ఒక్క సంతకానికి ఇంకో నెల పట్టేది. వారసులందరూ ఒకచోట ఉన్న రోజులు దొరకడం కష్టం, కర్మకాండల రోజుల్లో ఈ మాట ఎత్తడానికి మనసు రాదు, నాకూ రాలేదు, కానీ మొదటి పదమూడు రోజుల్లోనే ఆ సంతకాలు అయిపోయి ఉంటే ఏడాది పాటు ఆ కారు అలా తిరిగేది కాదు.

ఇక ఆ మూడు వారాలకి ఏం చేశానంటే, సెల్ఫ్ డ్రైవ్ కారు తీసుకున్నాను. ఇందులో ఒక జాగ్రత్త ఉంది. అద్దెకిచ్చే సెల్ఫ్ డ్రైవ్ కార్లకి నల్ల నంబర్ ప్లేట్ మీద పసుపు అక్షరాలు ఉంటాయి. మా వీధిలో ఒకాయన తన సొంత తెల్ల ప్లేట్ కారు రోజుకింత అని ఇస్తానన్నాడు, రేటు బాగా తక్కువ, కారు కూడా బాగుంది, కానీ ప్రైవేటు కారు పాలసీ అద్దెకి తిప్పితే వర్తించదు. వద్దన్నాను. తీసుకున్న కారు నంబర్ ప్రభుత్వ ఎంపరివాహన్ యాప్‌లో కొట్టి ఇన్సూరెన్స్, ఫిట్‌నెస్, పొల్యూషన్ గడువులు చూశాను, డ్యామేజీ అయితే నా జేబులోంచి పోయేది ఎంతవరకో రాయించుకున్నాను, నాలుగు వైపులా వీడియో తీశాను. గుట్టకు మాత్రం అందరం కలిసి వెళ్ళాలి కాబట్టి డ్రైవర్‌తో ఇన్నోవా మాట్లాడుకున్నాం.

కొత్త పాలసీలో ఏమేం పెట్టించాలో కూడా ఆ రోజుల్లోనే ఏజెంట్‌తో కూర్చుని చూసుకున్నాం. అమ్మకి లైసెన్స్ లేదు కాబట్టి ఓనర్ డ్రైవర్‌కి ఉండే 15 లక్షల ప్రమాద బీమా అవసరం లేదు. ఇంజన్ ప్రొటెక్ట్ అనే యాడ్ ఆన్, అంటే అదనపు కవర్, మాత్రం పట్టుబట్టి పెట్టించాను. 2020 అక్టోబర్ వానలకి మా సెల్లార్‌లో నీళ్ళు నిండినప్పుడు, తీశాక నాన్న ఆత్రంగా తాళం తిప్పారు, ఇంజన్‌లోకి నీరు పోయి ఆగిపోయింది, ఆ యాడ్ ఆన్ లేదని ఇంజన్ రిపేరు ఖర్చు కంపెనీ ఇవ్వలేదు. నీళ్ళలో మునిగిన కారుని స్టార్ట్ చేయకుండా నెట్టించి మెకానిక్ దగ్గరికి తీసుకెళ్ళాలి అని మాకు ఎవరూ చెప్పలేదు, మీకు చెబుతున్నాను. నాన్న ఏళ్ళ తరబడి కూడబెట్టిన నో క్లెయిమ్ బోనస్ (క్లెయిమ్ చేయనందుకు ప్రీమియంలో ఇచ్చే తగ్గింపు) ఆ దెబ్బకి పోతుందేమో అనుకున్నాం, క్లెయిమ్ ఇవ్వలేదు కాబట్టి అది 50 శాతం అలాగే ఉంది. ఆ బోనస్ భార్యకో పిల్లలకో మార్చుకోవచ్చు, దానికి విడిగా అడగాలి.

ఫిబ్రవరిలో అమ్మ పేరుతో ఆర్‌సీ కార్డు వచ్చింది. కారుని ఇన్‌స్పెక్షన్ చేసి పాలసీ కూడా ఆమె పేరు మీదే ఇచ్చారు, నాన్న బోనస్‌తో సహా. అమ్మ ఆ రెండిటినీ పక్కపక్కన పెట్టి ఫోటో తీసి పంపింది. మార్చిలో అన్నయ్య ఆ కారులోనే అమ్మని మళ్ళీ గుట్టకు తీసుకెళ్ళాడు. ఈ డిసెంబర్‌లో నేను వెళ్తాను, నా పర్మిట్‌కి ఏడాదే గడువు, టికెట్లు కొనేలోపు కొట్టుకి వెళ్ళి కొత్తది తీసుకోవాలి.