ముద్రా రుణంతో పచ్చళ్ల వ్యాపారం: నా అనుభవం

నిన్ననే రెండో వాయిదా కట్టి వచ్చాను. కోపం ఇంకా చల్లారలేదు, అందుకే ఇప్పుడే రాస్తున్నాను.

ఇంట్లో పచ్చళ్లు, పొడులు చేసి అమ్ముదామని ముద్రా పథకంలో శిశు రుణానికి, అంటే 50,000 రూపాయల లోపు అప్పుకు, ఫిబ్రవరిలో దరఖాస్తు పెట్టాను. ఉద్యమ్ నమోదు, అంటే చిన్న వ్యాపారాలకు ప్రభుత్వ రిజిస్ట్రేషన్, ఆధార్‌తో అరగంటలో అయింది, రుసుము లేదు. ఆహార భద్రతా రిజిస్ట్రేషనుకు ఏడాదికి 100 రూపాయలు. వాళ్లిచ్చే 14 అంకెల నంబరు ప్రతి సీసా లేబుల్‌పైనా ఉండాలి. వీటి కోసం దళారుల దగ్గరికి దయచేసి వెళ్లకండి. మా వీధిలో ఒకామె రెండు వేలు పోగొట్టుకుంది.

ఇక బ్యాంకు. రుణాల అధికారి నా కాగితాలు తెరవకుండానే “మీవారు ఏం చేస్తారు?” అన్నారు. పోయి ఆరేళ్లయిందని చెప్పాను. “ఇల్లు ఎవరి పేరున ఉంది? పూచీ ఎవరుంటారు?” అద్దె ఇల్లన్నాను. “పచ్చళ్లమ్మి అప్పు తీరుస్తావా అమ్మా?” అని అందరికీ వినపడేలా అన్నారు. వరుసలో ఉన్నవాళ్లు తిరిగి చూశారు. వాళ్లలో మా అబ్బాయి బడి పంతులమ్మ కూడా ఉన్నారు. ఇరవై ఏళ్లుగా మా బంధువులందరికీ ఆవకాయ పెట్టి ఇచ్చేది నేనే. ఆ మాట అక్కడ నోట రాలేదు. కాగితాలు సంచిలో పెట్టుకుని వచ్చేశాను.

మళ్లీ వెళ్తే, అప్పుతో కొనబోయే గ్రైండర్ కొటేషన్ మీద దుకాణం ముద్ర లేదన్నారు. వేయించుకుని వెళ్తే తేదీ పాతదన్నారు. ఈలోగా ఏప్రిల్ వచ్చింది. బజారులో పచ్చడికాయలు గుట్టలు పోసి అమ్ముతున్నారు, నా చేతిలో డబ్బు లేదు. టెంక ముదిరి, పులుపు తగ్గని కాయ దొరికే రోజులు కొన్నే. బ్యాంకు కోసం చెట్టు ఆగదు కదా!

నాలుగోసారి నేరుగా మేనేజరు దగ్గరికి వెళ్లాను. ముద్రా రుణానికి తాకట్టు అక్కర్లేదనీ, చిన్న రుణం ఇవ్వమంటే కారణం రాతపూర్వకంగా తెలపాలన్నది రిజర్వు బ్యాంకు నియమమనీ రాసిన కాగితం బల్ల మీద పెట్టాను. “ఇవ్వకపోతే కారణం రాసివ్వండి సార్” అని, అందినట్టు నకలు మీద సంతకం అడిగాను. పదకొండో రోజున మంజూరైంది. మీరు మొదటి రోజే అడగండి. నాలాగా బతిమాలుతూ రెండు నెలలు పోగొట్టుకోకండి.

గ్రైండర్ ఇంటికి చేరేసరికి జూన్. వానలు పడ్డాక కాయ పచ్చడికి పనికిరాదు. గోంగూర, కందిపొడి, నువ్వులపొడితో మొదలుపెట్టాను. కందిపొడి కొన్నవాళ్లలో మళ్లీ రానివాళ్లు లేరు, గర్వంగానే చెబుతున్నాను.

నిన్న వాయిదా కట్టి వస్తూ, వచ్చే ఏప్రిల్ కాయకు తోట రైతుకు బయానా ఇచ్చాను.